అప్‌డేట్: సింగిన్ ఇన్ ద రెయిన్‌లో ఆ గొంతు ఎవరిది?

1952 హాలీవుడ్ సినిమా సింగిన్ ఇన్ ద రెయిన్‌లో హీరోయిన్ డెబ్బీ రేనాల్డ్స్ స్టూడియోలో మైక్ ముందు నిలబడి ఇంకో నటి జీన్ హేగన్‌కి గొంతిస్తుంది కదా, అది నిజంగా డెబ్బీ గొంతేనా అని అడిగాను, చెప్పినవాళ్ళందరికీ థాంక్స్ అండి. కాదంట! కథలో కీచు గొంతుతో నవ్వించే జీన్ హేగనే ఆ డైలాగులు తన అసలు గొంతుతో చెప్పింది, అంటే తనకి తనే డబ్బింగ్ అన్నమాట 😂 ఇక అక్కడ పాడే 'వుడ్ యూ' పాటైతే గాయని బెట్టీ నోయెస్ పాడిందట, ప్లేబ్యాక్‌కి అలవాటు పడ్డ మనకి పాట వరకు వింతేం కాదు గానీ గొంతు దొంగతనం మీద తీసిన సినిమాలోనే ఇలా చేశారు చూడండి. పాపం డెబ్బీకి అప్పటికి 19 ఏళ్ళే, 'గుడ్ మార్నింగ్' పాటకి పొద్దున్నుంచి రాత్రిదాకా ఆడి పాదాల్లోంచి రక్తం కారిందట, హీరో జీన్ కెల్లీ జ్వరంతోనే వానలో తడిశాడు. క్రెడిట్స్‌లో మాత్రం నోయెస్ పేరు లేదు, అదే నాకు మింగుడుపడట్లేదు.