నెట్ అంతంతమాత్రంగా ఉన్న గూడెంలో 18 మంది పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు: ఏ పద్ధతి నిలుస్తుంది?

గూడెం_చదువులగది
ఉట్నూరు వైపు ఒక గూడెంలో సాయంత్రం 6 నుంచి 8 దాకా చదువుల గది నడుస్తోంది. 6 నుంచి 9వ తరగతి వరకు 18 మంది పిల్లలు. ఇళ్లలో గోండి, బడిలో తెలుగు. 4జీ సిగ్నల్ గది బయట రెండు గీతలు, లోపల ఒకటి. కరెంటు రోజూ ఒకసారైనా పోతుంది. పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంది (4 జీబీ ర్యామ్, 128 జీబీ డిస్కు). పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చే ఫోన్లు ఏడెనిమిది. దాతలు 15 ట్యాబ్‌లు ఇస్తామంటున్నారు. ట్యాబ్‌లే తీసుకోవాలా, ఆ డబ్బు వేరే దేనికైనా పెట్టమనాలా? వేరే దేశాల్లో ఇలాంటి చోట్ల ఏం పనిచేసిందో తెలిసినవాళ్లు చెప్పండి. లెక్కలు, సైన్సు ముఖ్యం.

నెట్‌వర్క్_పని
ముందు డేటా లెక్క చూడండి. రికార్డు చేసిన వీడియో 480పీలో గంటకు సుమారు 400 నుంచి 500 ఎంబీ లాగుతుంది, 144పీలో 80 ఎంబీ దాకా. జూమ్ లాంటి లైవ్ క్లాసులో అందరి వీడియోలూ పెట్టుకుంటే గంటకు 800 ఎంబీ పైనే. రోజుకు 1.5 జీబీ ప్లాన్ మీద, ఒక్క హాట్‌స్పాట్‌తో 18 మందికి లైవ్ క్లాసు జరగదు. మొదటి పది నిమిషాల్లోనే మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది, పిల్లలు లేచి వెళ్లిపోతారు. అందుకే పాఠాలు ముందే దించి గదిలో పెట్టుకోవడమే దారి.

దీనికి కోలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. లర్నింగ్ ఈక్వాలిటీ అనే సంస్థది, నెట్ లేని బడుల కోసమే చేసింది. తెరమీది మాటలు తెలుగులో పెట్టుకోవచ్చు. ఏర్పాటు ఇలా:

1. ల్యాప్‌టాప్‌ను మంచి వైఫై ఉన్న చోటికి తీసుకెళ్లి కోలిబ్రి ఎక్కించండి. పాఠాల చానెళ్లను (కోలిబ్రిలో పాఠాల మూటలను అలా అంటారు) అక్కడే దించుకోండి. చానెల్ మొత్తం టిక్ పెట్టకండి, కొన్ని పదుల జీబీలు ఉంటాయి. కావలసిన అధ్యాయాలే ఎంచుకోండి. విండోస్ పోను 128 జీబీలో మిగిలేది 70, 80 జీబీలే. చాలకపోతే సెట్టింగ్స్‌లో పాఠాల చోటును బయటి హార్డ్‌డిస్కుకు మార్చుకోవచ్చు.
2. మామూలు వైఫై రౌటర్ ఒకటి పెట్టండి. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, ల్యాప్‌టాప్‌లోని పాఠాలను ఫోన్లకు చేర్చడానికే అది.
3. రౌటర్ సెట్టింగ్స్‌లో ల్యాప్‌టాప్‌కు ఒకే ఐపీ అడ్రస్ (ఆ వైఫైలో దాన్ని గుర్తుపట్టే నంబరు) ఖాయం చేయండి. అది చేయకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు అడ్రస్ మారిపోవచ్చు, నిన్న తెరుచుకున్న పేజీ ఇవాళ తెరుచుకోదు. ఎక్కువమంది ఇక్కడే విసిగి వదిలేస్తారు.
4. ఫోన్ బ్రౌజర్‌లో ఆ అడ్రస్, పక్కన కోలన్, 8080 కొట్టాలి. కాగితం మీద పెద్దగా రాసి గోడకు అంటించండి.

తెరుచుకోకపోతే మూడు చూడండి. విండోస్ ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను ఆపే కాపలా) అడ్డుకుంటోందా? మొదటిసారి అడిగినప్పుడు ప్రైవేట్ నెట్‌వర్క్‌కు అనుమతి ఇచ్చి ఉండాలి. ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్తోందా? స్లీప్‌ను నెవర్ అని పెట్టండి. ఫోన్ 'ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు' అని తనంతట తాను మొబైల్ డేటాకు మారుతోందా? డేటా ఆపేస్తే సరి.

చవక రౌటర్లు 15, 20 ఫోన్లు దాటాక తడబడతాయి. ఇద్దరికి ఒక తెర అనుకుంటే ఆ బాధ ఉండదు. రౌటర్ వోల్టేజీకి సరిపడే మినీ యూపీఎస్ (కరెంటు పోయినా దాన్ని నడిపే చిన్న బ్యాటరీ) తప్పకుండా కొనండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ గంటైనా నిలవకపోతే ముందు అది మార్పించండి. ల్యాప్‌టాప్ బదులు రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ కూడా వాడొచ్చు గానీ, కరెంటు హఠాత్తుగా పోతే దాని మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది. మీకు ల్యాప్‌టాపే మేలు.

బోధన_పద్ధతులు
పై జవాబులో చెప్పిన ఏర్పాటు సరైనదే. నా మాట ట్యాబ్‌ల గురించి. పెరూలో పల్లె బడుల పిల్లలకు పెద్ద ఎత్తున ల్యాప్‌టాప్‌లు పంచారు. 319 బడుల్లో జరిగిన అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. తార్కిక శక్తి పరీక్షల్లో కొంత మెరుగు కనిపించింది. లెక్కల్లో, భాషలో మాత్రం తేడా కనిపించలేదు. యంత్రం చేతికొచ్చింది, దానితో ఏ రోజు ఏ పాఠం చెప్పాలో టీచరుకు చెప్పినవాళ్లు లేరు.

మెక్సికో సంగతి వేరు. 1968 నుంచి టెలిసెకుందారియా అనే పల్లె బడులు నడుపుతున్నారు. సబ్జెక్టుకో టీచరు దొరకని చోట ఒకే టీచరు అన్నీ చూసుకుంటారు. టీవీ పాఠం సుమారు 15 నిమిషాలే, మిగిలిన పీరియడంతా పుస్తకం, అభ్యాసం, చర్చ. ఉరుగ్వేలో ఇంగ్లీషుకూ అదే తీరు. వారంలో ఒక క్లాసు దూరాన ఉన్న టీచరు వీడియోలో చెబుతారు, మిగతా రెండు క్లాసుల్లో గదిలోని టీచరు సాధన చేయిస్తారు. ఆ టీచరుకు ఇంగ్లీషు బాగా రాకపోయినా క్లాసు సాగేలా పాఠం ప్రణాళిక చేతికిస్తారు.

2020లో బడులు మూతపడ్డప్పుడు బోట్స్‌వానాలో చేసిన ప్రయోగం ఇంకా చవక. కొన్ని కుటుంబాలకు వారానికో ఎస్ఎమ్ఎస్‌లో లెక్కలు పంపారు. ఇంకొన్నింటికి ఆ ఎస్ఎమ్ఎస్‌తో పాటు 15, 20 నిమిషాల ఫోన్ కాల్ కూడా చేశారు. కాల్ అందుకున్న పిల్లలు లెక్కల్లో స్పష్టంగా ముందుకెళ్లారు. ఉత్త ఎస్ఎమ్ఎస్‌తో చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. తర్వాత మన దేశంతో పాటు కెన్యా, నేపాల్, ఫిలిప్పీన్స్, ఉగాండాల్లోనూ ఇదే పద్ధతిని పరీక్షించారు.

అందుకే దాతలను ఐదారు ట్యాబ్‌లే అడగండి. మిగిలిన డబ్బుతో ఇంటర్ గానీ డిగ్రీ గానీ చదివిన అమ్మాయికో అబ్బాయికో నెల నెలా గౌరవ వేతనం ఇచ్చి గదిలో కూర్చోబెట్టండి. 15 నిమిషాల వీడియో, అరగంట నోటుపుస్తకంలో లెక్కలు, చివర ఐదు ప్రశ్నలు. కోలిబ్రిలో క్విజ్ పెడితే ఏ ప్రశ్న దగ్గర ఎవరు ఆగారో టీచరు చూసే కోచ్ పేజీలో కనిపిస్తుంది. మర్నాడు చెప్పాల్సింది దాన్ని బట్టే తేల్చుకోవచ్చు.

గూడెం_చదువులగది
చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ కృతజ్ఞతలు. దాతలతో ఈ లెక్కనే మాట్లాడతాను. ఇంకొక్కటి: తెలుగులో సరుకు ఎక్కడ దొరుకుతుంది? ఇంగ్లీషు వీడియోలు పెడితే 6వ తరగతి వాళ్లు బొమ్మలు చూస్తారంతే.

తెలుగు_పాఠాలు
అసలు చిక్కు అదేనండీ. ఇంగ్లీషులో కుప్పలు తెప్పలుగా ఉంది, తెలుగులో ఏరుకోవాలి.

మొదట దీక్ష యాప్, కేంద్ర ప్రభుత్వం బడి పాఠాల కోసం పెట్టింది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉన్న చోట స్కాన్ చేస్తే ఆ అధ్యాయపు వీడియోలు వస్తాయి. కోడ్ చెరిగిపోయి ఉంటే దాని కింద ఉండే ఆరు అక్షరాలు యాప్‌లో కొట్టండి. ఒక ఫోన్లో దించితే నెట్ లేకుండానే ఇంకో ఫోన్‌కు పంపుకోవచ్చు.

సైన్సుకు, లెక్కలకు ఫెట్ సిమ్యులేషన్లు (తెరమీద చేసి చూసే ప్రయోగాలు), అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం చేసినవి. కొన్ని తెలుగులోకి వచ్చాయి. ఒక్కోటి ఒక్కో ఫైలుగా దించుకుంటే బ్రౌజర్‌లో నెట్ లేకుండా తెరుచుకుంటుంది. విద్యుత్ వలయాలు, భిన్నాలు పిల్లలు తమ చేతులతో కదిపి చూడటానికి ఇవి ఎంతో బాగుంటాయి. కథల పుస్తకాలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ ఉంది. కోలిబ్రిలో చానెల్‌గానూ దొరుకుతుంది, తెలుగు విభాగం మాత్రమే ఎంచుకోండి.

ఊళ్లో డిష్ ఉన్న టీవీ ఉంటే తెలంగాణ ప్రభుత్వ పాఠాల చానెల్ టీ-శాట్ విద్యను తక్కువ అంచనా వేయకండి. సిగ్నల్ గీతలతో దానికి పనిలేదు. టైమ్‌టేబుల్ ముందే చూసుకుని, ఆ రోజు అధ్యాయం ఆ రోజే పుస్తకంలో తెరిచి ఉంచాలి.

గోండి పిల్లల విషయంలో ఒక మాట. వీడియో మొదలుపెట్టే ముందు ఆ పాఠంలో వచ్చే కొత్త తెలుగు మాటలు ఐదారు బోర్డు మీద రాసి, గోండిలో ఏమంటారో పిల్లల చేతే చెప్పించండి. 'హారం', 'లవం', 'ఆవిరి' అర్థం కాకుండా కూర్చున్న పిల్లకు వీడియో ఎంత మంచిదైనా మోతే. ఆ పని చేసే గోండి వచ్చిన యువతి దొరికితే, పైన అన్న గౌరవ వేతనం ముందు ఆమెకే ఇవ్వండి.

నెట్‌వర్క్_పని
ఒకటి మరిచాను. ఖాతాలు తెరిచేటప్పుడు పిల్లలకు పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ అయ్యే సెట్టింగ్ ఉంది, అది పెట్టండి. రోజూ మొదటి పావుగంట పాస్‌వర్డ్‌లకే పోకుండా ఉంటుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం ఇద్దరి దగ్గర రాసి ఉంచండి.