అరుదైన ఇంగ్లీషు పదాలను జాబితాలుగా కంఠస్థం చేయించడం మన విద్యార్థులకు మేలా, కీడా?

నెల్లూరు అధ్యాపకుడు:
మిత్రులకు నమస్కారం. నేను నెల్లూరులో డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు బోధిస్తున్నాను. పోటీ పరీక్షలకూ విదేశీ చదువులకూ సిద్ధమయ్యే పిల్లలు పదాల జాబితాలను వల్లె వేయడం ఇక్కడ ఆనవాయితీగా మారింది. ఎడమవైపు ఎన్నడూ వినని పదం, కుడివైపు ఒక్క మాటలో తెలుగు అర్థం, మధ్యలో ఒక గీత. ఈ పద్ధతి వల్ల మేలు కంటే కీడే ఎక్కువని నా దృఢమైన అభిప్రాయం. ఒక విద్యార్థిని తన గురువును మెచ్చుకుంటూ రాసిన వ్యాసంలో ఆయనను ‘ఎగ్రీజియస్ టీచర్’ అని వర్ణించింది. ఆమె జాబితాలో ఆ పదానికి ‘అసాధారణమైన’ అని ఉంది. చెడ్డతనంలో అసాధారణమైన దానినే నేటి ఇంగ్లీషులో అలా అంటారన్న సంగతి మాత్రం ఆ గీతకు ఇటూ లేదు, అటూ లేదు.

పరీక్షలు పెట్టేవారు కూడా ఈ దారి నుంచి తప్పుకొంటున్నారు. విదేశాల్లో పీజీ చదువులకు రాసే జీఆర్‌ఈ పరీక్షలో 2011లో వ్యతిరేకార్థాల ప్రశ్నలను తొలగించి, సందర్భాన్ని బట్టి వాక్యాన్ని పూరించే ప్రశ్నలకు ప్రాధాన్యం ఇచ్చారు. భాషావేత్త అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన విద్యావిషయక పదావళిలో ఉన్నవి 570 పదకుటుంబాలే (ఒక మూలపదం, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) అయినా, పాఠ్యగ్రంథాల్లో సుమారు పదింట ఒక మాట వాటిలోనిదే. అవి పట్టుబడని పిల్లలకు అంతకన్నా అరుదైనవి ఎందుకు? మన పెన్న ఒడ్డున భారతంలోని పదిహేను పర్వాలను తెనిగించిన తిక్కన సోమయాజి, తేట తెలుగు మాటలతోనే పాత్రల కోపతాపాలను మన కళ్లకు కట్టలేదా?

ఒంగోలు అభ్యర్థి:
మాస్టారికి నమస్కారం. తిక్కన గారిని మీరే ప్రస్తావించారు కనుక, ఆయన ఉభయకవిమిత్రుడన్న సంగతి కూడా గుర్తుచేయనివ్వండి. సంస్కృతం క్షుణ్ణంగా తెలిసిన మహాకవి కనుకనే ఎక్కడ సమాసం కావాలో, ఎక్కడ తేట మాట చాలునో ఆయన ఎంచుకోగలిగారు. ఎంచుకోవాలంటే ముందు రెండూ చేతిలో ఉండాలి కదా.

నేను పశ్చిమ ప్రకాశంలోని ఒక పల్లెలో పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంట్లో ఇంగ్లీషు పుస్తకాలు ఉన్న పిల్లలకు చిన్ననాటి నుంచి చదవగా చదవగా అబ్బే పదాలు మాకు జాబితా రూపంలోనైనా అందకపోతే ఇంకెలా అందుతాయి? జీఆర్‌ఈలో వాక్యాన్ని పూరించమన్నా, ఎంచుకోవడానికి ఇచ్చేవి ‘లకానిక్’ (మితంగా మాట్లాడే), ‘ఎఫెమరల్’ (క్షణికమైన) వంటి పదాలే. సందర్భం ఎంత అర్థమైనా ఆ పదాలు తెలియనివాడు జవాబు గుర్తించలేడు. ఇంగ్లీషు ప్రావీణ్యాన్ని కొలిచే ఐఈఎల్‌టీఎస్ రాత పరీక్షలో పదసంపదకు నాలుగో వంతు మార్కులు ఉన్నాయి. తొమ్మిదికి ఏడు స్కోరు, అంటే బ్యాండ్ 7 రావాలంటే అంత సాధారణం కాని పదాలను వాడగలగాలని ఆ పరీక్ష మార్కుల వివరణలో స్పష్టంగా ఉంది. జాబితాలో తప్పుంటే దిద్దాలి గానీ, జాబితానే వద్దనడం మా బోటివారికి న్యాయం కాదు.

కందుకూరు పాఠకురాలు:
పదం అరుదైనది కావడం వల్ల కాదు, ఒంటరిగా రావడం వల్లనే చిక్కంతా వస్తున్నదని నాకు అనిపిస్తుంది. నేను ప్రతి కొత్త పదానికీ ఒక అట్టముక్క రాసుకుంటాను. ఉదాహరణకు ‘మిటిగేట్’ (తీవ్రతను తగ్గించు) అన్న పదానికి ముందువైపు దినపత్రికలో తుపాను గురించి వచ్చిన వాక్యాన్ని ఎత్తి రాసి, ఆ పదం ఉన్నచోట ఖాళీ వదిలాను. వెనుకవైపు పదంతో పాటు, దాని పక్కన తరచుగా వచ్చే మాటలైన నష్టం, ముప్పు, ప్రభావం అన్నవాటిని ఇంగ్లీషులో రాశాను. అట్టపెట్టెను అరలుగా విడదీసి, గుర్తుకొచ్చిన పదాన్ని తరువాతి అరలోకి జరుపుతాను, మరచిపోయిన దానిని మొదటి అరలోకి తెస్తాను. ఈ పద్ధతిని రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారంలోకి తెచ్చారు. నేర్చిన వెంటనే మరపు వేగంగా ఉంటుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హౌస్ 1885లోనే చూపారు కనుక, మొదటి అరను రోజూ తిరగేయక తప్పదు.

ధాతువులు కూడా ఎంతో ఉపకరిస్తాయి. లాటిన్‌లో మందను ‘గ్రెక్స్’ అంటారు. ‘గ్రిగేరియస్’ (నలుగురితో కలిసి మెలిగే), ‘సెగ్రిగేట్’ (వేరుచేయు), ‘కాంగ్రిగేట్’ (గుమిగూడు), మాస్టారు చెప్పిన ‘ఎగ్రీజియస్’ అన్నీ దాని సంతానమే.

నెల్లూరు అధ్యాపకుడు:
అమ్మా, అట్టముక్కల పద్ధతిని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. వాక్యం తోడున్న పదం ఇక జాబితాలోని పదం కాదు. అయితే ధాతువు విషయంలో జాగ్రత్త అవసరం. ‘ఎగ్రీజియస్’ ధాతువును బట్టి ‘మందలోంచి వేరుగా నిలిచినది’ అనే అర్థం వస్తుంది. మా విద్యార్థిని పొరబడింది సరిగ్గా ఆ అర్థంతోనే. పూర్వం ఇంగ్లీషులో ఆ పదానికి మంచి అర్థం కూడా ఉండేది, తరువాత పోయింది. కనుక పదాన్ని గుర్తుపెట్టుకోవడానికి ధాతువు పనికొస్తుంది గానీ, నేటి అర్థం వాక్యాల్లోనే దొరుకుతుంది.

ఒంగోలు మిత్రునికి మరొక మాట. మీరు చెప్పిన బ్యాండ్ 7 వివరణను చివరిదాకా చదవండి. అరుదైన పదాలతో పాటు శైలి మీద, ఏ పదం పక్కన ఏ పదం ఇముడుతుందన్న దాని మీద ఎరుక ఉండాలని కూడా అక్కడే ఉంది. గీత గీసిన జాబితా ఆ ఎరుకను ఇవ్వలేదు.

ఒంగోలు అభ్యర్థి:
ఆ రెండో భాగాన్ని కాదనను మాస్టారూ. కానీ పల్లె నుంచి వచ్చి, గదిలో నలుగురితో ఉంటూ చదువుకునే పిల్లవాడికి ఆ వాక్యాలను ఎవరు ఏరి ఇస్తారు? అది మీ వంటి అధ్యాపకులే చేయగలరు. వారానికి వంద పదాలు వద్దు, ఇరవై చాలు. ఒక్కొక్కదానికి మంచి వాక్యాలు రెండు మూడు జోడించి, తప్పుగా ఎక్కడ వాడతారో కూడా చూపి ఇవ్వండి. అరుదైన పదాలు మాకు అవసరం లేదని మాత్రం దయచేసి చెప్పకండి.