ఆన్‌లైన్ థెరపిస్ట్: ఆర్‌సీఐ నంబర్ చూడాలా, మన తెలుగులో మాట్లాడేవాళ్లని చూడాలా?

నిద్రరాని_నేను:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొన్ని నెలలుగా మీటింగ్ అనగానే గుండెదడ, ఊపిరాడనట్టు అవుతోంది. ఈసీజీ, థైరాయిడ్ నార్మల్, టెన్షన్ తగ్గించుకోమన్నారు ఫిజీషియన్ గారు. ఆన్‌లైన్‌లో ఇద్దర్ని చూసుకున్నా. ఒకరు బెంగళూరు క్లినికల్ సైకాలజిస్ట్, ఎం.ఫిల్, ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంది, ఇంగ్లిష్, హిందీ మాత్రమే, 45 నిమిషాలకి 2,000 రూపాయలు. ఇంకొకరు విజయవాడ మేడమ్, ఎమ్మెస్సీ సైకాలజీ, ఆర్‌సీఐ లేదు, తెలుగులోనే మాట్లాడతారు, గంటకి 800. ఎవరి దగ్గరికి వెళ్లమంటారు? సెషన్‌కి ముందు ఏమైనా సిద్ధం చేసుకోవాలా?

కాకతీయ77:
ఇందులో ఆలోచించాల్సింది ఏముందండీ, నంబర్ ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లండి. మన దగ్గర థెరపిస్ట్, కౌన్సెలర్, కోచ్ అని ఎవరైనా పేజీ తెరిచేయొచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్ అని పని చేయాలంటే మాత్రం 1992 ఆర్‌సీఐ చట్టం కింద రిజిస్టర్ అయ్యుండాలి. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో పేరు వెతకండి, కనిపించకపోతే అక్కడితో ఆపేయండి. ఇంకో మాట, మందులు రాయాల్సింది సైకియాట్రిస్ట్, అంటే ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీ చదివిన డాక్టర్. సైకాలజిస్ట్ ఎవరైనా మందుల పేర్లు చెబితే కాల్ కట్ చేయండి.

సత్తెనపల్లి_శ్రీ:
కాకతీయ గారూ, ఆర్‌సీఐ అందరికీ వర్తించదు. కౌన్సెలింగ్ సైకాలజీ చదివినవాళ్లు చాలామంది ఆ రిజిస్టర్ పరిధిలోకే రారు. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం వచ్చింది, కౌన్సెలర్లని అందులో చేర్చారు. నంబర్ లేదు కాబట్టి మోసగాడే అనడం సరికాదు. నిద్రరాని గారూ, ఎవరితో మాట్లాడితే లోపలి మాట బయటికొస్తుందో వాళ్లనే చూసుకోండి. ఆఫీసులో రోజంతా ఇంగ్లిష్‌లో మాట్లాడీ మాట్లాడీ అలసిపోయి, సెషన్‌లో కూడా మాటలు వెతుక్కోవడం ఎందుకు?

కాకతీయ77:
మోసగాడని నేను అనలేదు. నంబర్ చూడమన్నాను.

హాస్టల్_పక్షి:
మంచి థ్రెడ్. చిన్న సందేహం, రూమ్‌మేట్స్ ఉంటే సెషన్ ఎక్కడ కూర్చుని చేస్తున్నారు? నేను పార్కింగ్‌లో స్కూటీ మీద కూర్చుని చేస్తున్నా.

డాలస్_తెలుగోడు:
అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక సంగతి. మనం ఏ రాష్ట్రంలో కూర్చుని మాట్లాడుతున్నామో ఆ రాష్ట్రం లైసెన్స్ థెరపిస్ట్‌కి ఉండాలి. సైకాలజిస్టులకి మాత్రం సైప్యాక్ట్ ఒప్పందంలో చేరిన రాష్ట్రాల మధ్య వీలుంది, టెక్సస్ అందులో ఉంది. యాప్ వాడేముందు ప్రైవసీ పాలసీ చదవండి. బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ థెరపీ యాప్ తన యూజర్ల సమాచారం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివాటికి ప్రకటనల కోసం ఇచ్చిందని 2023లో అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ చర్య తీసుకుంటే 78 లక్షల డాలర్లు కట్టాల్సొచ్చింది.

సత్తెనపల్లి_శ్రీ:
మన దగ్గరా గోప్యత హక్కు చట్టంలోనే ఉంది, 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్‌లో. అయినా కాకతీయ గారికి నంబర్ తప్ప ఇంకేమీ కనిపించట్లేదు. గుంటూరు దాటితే నంబర్ ఉన్నవాళ్లు ఎక్కడ దొరుకుతారో చెప్పండి. దొరికేదాకా జనం అలా కూర్చోవాలా?

కాకతీయ77:
ఆవిడ అడిగింది ఆన్‌లైన్ గురించి, గుంటూరు దాటడం ఎందుకు? సరే, నేనెందుకు పట్టుకు వేలాడుతున్నానో చెప్తా. మా తమ్ముడు డిప్రెషన్‌లో ఉన్నాడని వీడియో కాల్‌లో ఒక కోచ్ దగ్గర పెట్టాం. చక్కటి తెలుగు, ప్రేమగా మాట్లాడేవాడు, మా అమ్మకి కూడా తెగ నచ్చాడు. కొన్నాళ్లకి వీడు రాత్రుళ్లు నిద్రపోకుండా పెద్ద పెద్ద ప్లాన్లు వేస్తుంటే ఆయన ‘పాజిటివ్ ఎనర్జీ వచ్చింది’ అన్నాడు. ఆ ఎనర్జీతోనే పొలం తాకట్టు పెట్టి వ్యాపారమని డబ్బంతా పంచేశాడు. అది బైపోలార్ అని, అంటే కొన్నాళ్లు డిప్రెషన్, కొన్నాళ్లు అతి హుషారు ఉండే జబ్బని, సైకియాట్రిస్ట్ మొదటి రోజే అనుమానించారు. లిథియం మందు మొదలయ్యాకే మనిషి మామూలయ్యాడు. మనసు విప్పి మాట్లాడటం వరకు బాగానే ఉందమ్మా, వినేవాడికి ఏది జబ్బో తెలియాలి కదా.

సత్తెనపల్లి_శ్రీ:
మీ తమ్ముడికి జరిగింది విని బాధేసింది. కానీ అది కోచ్ సంగతి, ఎమ్మెస్సీ చదివిన ఆవిడని దానితో కలపకండి. నాది కూడా వినండి. మా ఆయన పోయాక, మీరు చెప్పినట్టే నంబర్ చూసి, డిగ్రీ చూసి వెళ్లాను. ప్రతి వారం ‘ఈ వారం ఎలా ఉంది’ అనడం, పక్కన టైప్ చేసుకోవడం. నాకేమీ తగ్గట్లేదని ధైర్యం చేసి చెబితే ‘మీరు ఓపెన్ అవ్వట్లేదు’ అన్నారు. అంటే తగ్గకపోవడం కూడా నా తప్పే. చాలా కాలం అదే నమ్మాను.

కాకతీయ77:
అప్పుడే మార్చేయాల్సింది కదా. డబ్బు మనది. మార్చే హక్కు ఎప్పుడూ ఉంటుంది.

సత్తెనపల్లి_శ్రీ:
అన్నం తినడానికే లేవలేని మనిషి థెరపిస్ట్‌ని మార్చాలా? ఎంత తేలిగ్గా అనేశారండీ! అందరూ ఇదే పాట. నోట్స్ రాసుకో, గోల్స్ పెట్టుకో, నచ్చకపోతే మార్చుకో. అన్నీ జబ్బు మనిషే చేసుకోవాలంటే ఎదుటివాళ్లకి ఫీజు ఎందుకు?

కాకతీయ77:
నేను మొదట్నుంచీ చెప్తున్నదీ అదే! బాగాలేని మనిషికి మంచీ చెడూ తేల్చుకునే ఓపిక ఉండదు, అందుకే ముందే ఎవరో పరీక్షించి రిజిస్టర్‌లో పెట్టాలి. మీరేమో మనసుకి నచ్చినవాళ్లని చూసుకోమంటారు. మా తమ్ముడికి ఆ కోచ్ నచ్చాడు, అదే కదా మా ఖర్మ.

సత్తెనపల్లి_శ్రీ:
రిజిస్టర్ గుమ్మం దాకా చూస్తుంది. లోపల నాలుగు వారాలయ్యాక ఈమెకి ఉపయోగపడుతున్నానా లేదా అని ఎవరు చూస్తారు? అది ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లే అడగాలి. అడగనివాళ్లకి ఎన్ని నంబర్లుంటే ఏం లాభం?

చిరుజల్లు:
ఈ రంగంలోనే పని చేస్తున్నాను, ఒక్క మాట. అలా అడగడం నిజంగా మా పనే. ‘గుండెదడ వచ్చినా మీటింగ్‌లో కూర్చోగలగాలి’ లాంటి లక్ష్యం మొదట్లోనే కలిసి రాసుకుని, మధ్యమధ్యలో దాన్ని చూసుకోవాలి. పానిక్‌కి, అంటే ఇలా ఉన్నట్టుండి దడ, భయం ముంచుకురావడానికి, సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) బాగా పనిచేస్తుంది. దడ ఎప్పుడొచ్చింది, అప్పుడు ఏం భయమేసింది, ఏం తప్పించుకున్నారు, అన్నీ రాసుకురమ్మంటారు, భయపెట్టే పరిస్థితిలోకి కొద్దికొద్దిగా వెళ్లమంటారు. ఆ హోంవర్క్ లేకుండా వారానికోసారి మాట్లాడి పెట్టేస్తే పెద్దగా మారదు. ఎవర్ని ఎంచుకున్నా పానిక్‌కి సీబీటీలో శిక్షణ ఉందా, ఎవరి పర్యవేక్షణలో పని చేస్తున్నారు, అవసరమైతే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారా అని ముందే అడగండి. ఈలోగా బాగా ఇబ్బందనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.

నిద్రరాని_నేను:
అందరికీ థ్యాంక్స్. ఇద్దరికీ ఈ ప్రశ్నలే పంపాను. విజయవాడ మేడమ్ రాత్రే జవాబిచ్చారు, సీబీటీ శిక్షణ ఎక్కడ తీసుకున్నారో, ఎవరి పర్యవేక్షణలో ఉన్నారో చెప్పారు, ముందు ఒకసారి సైకియాట్రిస్ట్‌కి చూపించుకుని రమ్మన్నారు. బెంగళూరు నుంచి ఫీజు కట్టమని లింక్ వచ్చింది. సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా, ఆ తర్వాత మేడమ్ దగ్గర మొదలుపెడతా.

కాకతీయ77:
సైకియాట్రిస్ట్‌ని కలుస్తున్నారు, అది చాలు నాకు. ఆవిడ చెప్పిన పర్యవేక్షకుల పేరైనా ఆర్‌సీఐ సైట్‌లో చూడండి.

సత్తెనపల్లి_శ్రీ:
చూడండి, తప్పులేదు. నాలుగు సెషన్లయ్యాక ఆవిడ మిమ్మల్ని ‘ఏమైనా తేడా ఉందా’ అని అడిగారో లేదో ఇక్కడ రాయండి.