పాత హీరోయిన్ల ఫొటోల్లో వాచీ, హ్యాండుబ్యాగు ఎందుకు?

గంటస్తంభం మనవరాలు (విజయనగరం):
మా మామ్మ ట్రంకుపెట్టెలో చీరల అడుగున సావిత్రి, జమున ఫొటోకార్డులు దొరికాయి. వాటి మధ్యనే మామ్మది కూడా, పెళ్లికి ముందు ఇక్కడి స్టూడియోలో తీయించుకున్నది. అచ్చం హీరోయిన్‌లాగే కూర్చుంది. జడ ముందుకు, ఒళ్లో హ్యాండుబ్యాగు, ఎడమచేతికి వాచీ. మామ్మకి టైము చూడ్డం ఇప్పటికీ రాదు. గుమ్మంలో ఎండ ఎంతవరకు వచ్చిందో చూసి పొయ్యి ముట్టించేది. మరి ఆ వాచీ ఎవరిది? హీరోయిన్లు పెట్టుకోవడంలో ఏదైనా అర్థం ఉందా, ఊరికే సోకేనా?

పాత స్టూడియో మనిషి (శ్రీకాకుళం):
అమ్మా, వాచీ స్టూడియోదే అయ్యుంటాది. ముప్పై ఏళ్లు డార్కురూములో పనిచేసేను. మాకొక పెట్టి ఉండీది. ఆగిపోయిన వాచీ, నల్ల బ్యాగు, అద్దాల్లేని కళ్లజోడు. అద్దాలుంటే లైటు కొట్టి కళ్లు కనబడవు. జడ ముందుకెయ్యడమూ అంతే, వెనకున్న పూలు కెమెరాకి ఎలా తెలుస్తాయి?

సంబంధాలకి పంపీ ఫొటోలో వాచీ ఉంటే పిల్ల చదువుకుందని లెక్క. 1955లో మిస్సమ్మ వచ్చింది. అందులో సావిత్రి బి.ఏ. చదివిన మేరీ, ఉద్యోగం కోసం ఊరుగాని ఊరు వెళ్తాది. అలాటివి చూసొచ్చిన పిల్లలు ‘వాచీ ఉందా’ అనే ముందు అడిగీవోరు.

బ్యాగు సంగతి వేరు. మన ఆడోళ్ల డబ్బు రొంటినో పోపుడబ్బాలోనో ఉండీది. బ్యాగు ఒళ్లో పెట్టుకోడమంటే నా డబ్బు నా దగ్గరే ఉందని పదిమందికీ చూపించడం. హీరోయిన్లు సొంతంగా సంపాదించిన మనుషులు, వాళ్లకి చెల్లింది. మా బ్యాగులో పాత పేపర్లు కుక్కి నిలబెట్టీవోళ్లం. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు ఒకలా అయిపోతాది.

పొందూరు కోడలు:
మా అత్తగారి ఫొటోలో చేతిలో కర్చీఫు ఉంది. సోకు అనుకున్నాను. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, రాట్నం వడికిన వేళ్లు కనబడకూడదని పట్టుకుందట. ఆ వేళ్లే కనబడితే బాగుండునని నాకు.

గంటస్తంభం మనవరాలు:
మాస్టారూ, భూతద్దం పెట్టి చూశాను. మామ్మ వాచీలో నాలుగుంబావు. రెండేళ్ల తర్వాత తీసిన ఆమె చెల్లెలి ఫొటోలోనూ నాలుగుంబావే!

బ్యాగులో ఏముండేదని మామ్మనే అడిగాను. ‘కాగితాలేనే, తెరిచి చూసేను’ అంది. స్టూడియో ఆయన అటు తిరిగినప్పుడు బొడ్డులో ఉన్న పావలా తీసి అందులో వేసిందట. ఫొటో అయ్యాక మళ్లీ తీసేసుకుందట.