ప్రసవానికి ముందే డిజెబిలిటీ సెలవు తీసుకోవాలా, చివరి రోజు వరకు పనిచేయాలా?

గోదావరి_ఫ్రీమాంట్:
నాకిప్పుడు 35వ వారం నడుస్తోంది. కాలిఫోర్నియాలో ప్రసవ తేదీకి 4 వారాల ముందు నుంచే రాష్ట్ర డిజెబిలిటీ భృతి (ఆరోగ్య కారణాలతో పనిచేయలేని రోజులకు రాష్ట్రం ఇచ్చే సొమ్ము) తీసుకోవచ్చని డాక్టరు గారు చెప్పారు. నేను ఆరోగ్యంగానే ఉన్నాను, పనీ ఇంటి నుంచే. ఒంట్లో బాగున్నప్పుడు సెలవెందుకు, ఆ రోజులేవో బిడ్డ పుట్టాక వాడుకోరాదా అని మా అత్తగారు అంటున్నారు. మీ అభిప్రాయం చెప్పగలరు.

నిక్కచ్చి_నాయుడు:
మీ అత్తగారి మాటే సబబుగా ఉంది. పనిచేయగలిగిన మనిషి పనిచేయలేనని ధ్రువీకరణ రాయించుకోవడం నాకు సమ్మతం కాదు. డబ్బు లెక్క చూసినా, జీతంలో 70 శాతం వస్తుందని చెప్పుకుంటారే గానీ 2025లో వారానికి 1,681 డాలర్లకు మించి ఇవ్వలేదు. ఏడాదికి 1,80,000 డాలర్లు తెచ్చుకునేవారికి అది సగం జీతం కూడా కాదు. మొదటి 7 రోజులకైతే అసలేమీ రాదు.

పేరోల్_పిన్ని:
నాయుడు గారి అంకెలు సరైనవే, వాటి నుంచి తేలేది మాత్రం వేరు. ఆ 4 వారాలు దాచుకునేవి కావు. ప్రసవానికి ముందు తీసుకోకపోతే పోయినట్టే. పైగా భృతి రాని ఆ 7 రోజులూ ఎలాగూ గడవవలసినవే కనుక, ముందుగా సెలవు పెట్టినవారికి అవి అక్కడే తీరిపోయి, ప్రసవం తరువాతి 6 వారాలకూ, సిజేరియన్ అయితే 8 వారాలకూ, భృతి పూర్తిగా అందుతుంది. నొప్పులు వచ్చేదాకా పనిచేసినవారికి బిడ్డ పుట్టిన మొదటి వారమే ఖాళీగా పోతుంది. ఉద్యోగ రక్షణ విషయంలోనూ ఇక్కడ గర్భధారణ సెలవు వేరు, అర్హత ఉన్నవారికి బిడ్డతో గడిపే 12 వారాలు వేరు. మొదటిది వాడితే రెండోది తరగదు. నెలలు నిండిన మనిషి పనిచేయగలదో లేదో తేల్చవలసింది డాక్టరు, మనం కాదు. ఈ నిధి మన జీతాల్లోంచి కోసిన సొమ్మే, 2024 నుంచి ఆ కోతకు జీతపు గరిష్ఠ పరిమితిని కూడా తీసేశారు.

ఆస్టిన్_తెలుగు:
పిన్ని గారి లెక్క కాలిఫోర్నియాకే వర్తిస్తుంది. మా టెక్సాస్‌లో రాష్ట్ర భృతి లేదు. కంపెనీల బీమా సాధారణంగా ప్రసవం తరువాతి 6 లేదా 8 వారాలకే ఇస్తుంది. ముందుగా కావాలంటే రక్తపోటు వంటి సమస్యను డాక్టరు చూపించాలి. 1993 నాటి ఫెడరల్ చట్టం ఇచ్చే 12 వారాల జీతం లేని సెలవులో ముందే 3 వాడుకుంటే, బిడ్డ పుట్టాక మిగిలేవి 9. మా ఇంట్లో చివరి వారం వరకు పని మానకపోవడానికి కారణం అదే.

నిక్కచ్చి_నాయుడు:
కాలిఫోర్నియాలో ఆ హక్కు లేదని నేననను. హక్కు ఉన్నది కాబట్టి 4 వారాలూ వాడి తీరాలన్న సలహాతోనే నాకు పేచీ. జీతంలో కొంత వదులుకుని ఇంట్లో కూర్చోవడం కంటే, ఓపిక తగ్గిన రోజున ఆపడం మేలు.

పేరోల్_పిన్ని:
అలాగే ఆపవచ్చు; కాకపోతే ప్రసవానికి కనీసం ఒక వారం ముందైనా ఆపగలిగితే ఆ 7 రోజుల నష్టం తరువాతి వారాల మీద పడదు. అమ్మా గోదావరీ, భృతి దరఖాస్తును సెలవు మొదలైన 9 రోజుల తరువాతే పంపాలి, 49 రోజులు దాటనివ్వకూడదు. డాక్టరు ఆఫీసు తన భాగం పూర్తిచేసిందో లేదో నువ్వే ఫోన్ చేసి కనుక్కో. నేను చూసినంతలో దరఖాస్తులు ఆగిపోయేది అక్కడే.