విదేశాలకు మిషనరీని పంపాలనుకుంటున్నాం, మీ సంఘాల్లో ఎలా చేస్తున్నారు?

కంచరపాలెం యూత్:
అందరికీ వందనాలు. మాది కంచరపాలెంలో చిన్న సంఘం, రైల్వే వాళ్లు, పోర్టులో పని చేసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు ఎక్కువ. ఈ ఏడాది మిషన్ కానుక బాగానే పోగైంది, దాంతో కమిటీ రెండుగా చీలింది. యూత్ అంతా ఒక టీమ్‌గా పది రోజులు కెన్యా వెళ్లి మీటింగులు, పిల్లలకు వీబీఎస్ (సెలవుల బైబిల్ స్కూల్) పెట్టి వద్దామంటున్నారు. పెద్దలేమో మన సంఘంలోనే పెరిగిన జంట నేపాల్‌లో ఉండి సేవ చేస్తామంటుంటే వాళ్లకే నెలనెలా పంపుదాం అంటున్నారు. టీమ్ టికెట్ల డబ్బుతో ఆ జంటకు ఏడాది పైగా గడుస్తుందని కోశాధికారి లెక్క. పాస్టర్ గారు ఎటూ తేల్చకుండా, మిగతా సంఘాలు ఏం చేస్తున్నాయో కనుక్కోమని నాకు అప్పజెప్పారు. మీ అనుభవం చెప్పండి.

సీతమ్మధార బాప్టిస్టు:
తమ్ముడూ, మన ఊరి సంగతే ముందు చూడు. 1805లో లండన్ మిషన్ నుంచి క్రాన్, డెస్‌గ్రాంజెస్ అని ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. వచ్చి ముందు తెలుగు నేర్చుకోవడానికి కూర్చున్నారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి పక్కనుండి సాయం చేస్తే సువార్తల అనువాదం నడిచింది. క్రాన్ 1809లో, డెస్‌గ్రాంజెస్ 1810లో చనిపోయారు, మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేటప్పటికి ఇద్దరూ లేరు. అంత నిదానంగా సాగే పని ఇది, పది రోజుల్లో ఏమవుతుంది చెప్పు.

ఇంకోటి, మనవాళ్లు పంపడం కూడా కొత్తేం కాదు. నాటాల్‌లో చెరకు, తేయాకు తోటలకు కూలికి వెళ్లిన తెలుగువాళ్ల కోసం 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్య గారు దక్షిణాఫ్రికా వెళ్లారు. పంపింది తెలుగు బాప్టిస్టుల సొంత హోమ్ మిషనరీ సొసైటీ. అదే ఏడాది కియర్స్నీలో సంఘం కట్టారు. అక్కడి విశ్వాసులు కాపరి కావాలని కబురు పెడితే వెళ్లారాయన. నేపాల్ నుంచి మీ జంటను ఎవరైనా రమ్మన్నారా? ముందు అది కనుక్కో.

డబ్బు లేదని కూడా అనుకోవద్దు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ ఆడవాళ్లు 1910 నుంచి వంటకు కొలిచిన బియ్యంలోంచి పూటకో గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తున్నారు, తర్వాత అవి అమ్మి ఆ డబ్బుతో మిషనరీలను పోషిస్తున్నారు.

రాస్‌హిల్ దగ్గరి అక్క:
మా క్యాథలిక్కుల్లో పద్ధతే వేరు బాబూ. ఒక విచారణ, అంటే ఒక గుడి పరిధిలోని సంఘం, సొంతంగా ఎవరినీ పంపదు, ఫాదర్లు, సిస్టర్లు ఉండే సభలు పంపుతాయి. ఏళ్ల తరబడి శిక్షణ, వెళ్లే దేశం పైవాళ్లే నిర్ణయిస్తారు, అక్కడి బిషప్ గారు ఒప్పుకోవాలి. అక్టోబర్‌లో మిషన్ ఆదివారం నాటి కానుక ఏ ఒక్కరి పేరునా వెళ్లదు, అన్ని దేశాల అవసరాలకు కలిపి వాడతారు. 1846లో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు ఇక్కడికి వచ్చారు, ఇప్పుడు అదే సభ భారతీయ ఫాదర్లు టాంజానియాలో ఉన్నారు. మీ పద్ధతిలో త్వరగా కదలొచ్చు, నిజమే. కానీ ఆ జంటలో ఒకరికి జబ్బు చేస్తే చూసేదెవరు? అది కాగితం మీద రాసుకున్నారా?

గాజువాక విశ్వాసి:
యూత్‌ను అంత తీసిపారేయకండి సార్. చిన్న ట్రిప్‌కు వెళ్లొచ్చాకే నాకు మిషన్ అంటే ఏమిటో తెలిసింది, అప్పటి నుంచి ప్రతి నెలా ఇస్తున్నాను.

ఖాట్మండులో పని చేసినామె:
గాజువాక బ్రదర్ చెప్పింది మనవైపు నుంచి నిజమే, ఆతిథ్యం ఇచ్చేవాళ్ల వైపు నుంచి నేను చూశాను కాబట్టి రాస్తున్నా. టీమ్ వస్తుందంటే అక్కడి పాస్టర్ తన పనులన్నీ మానుకుని బండి మాట్లాడటం, తర్జుమా చేయడం, వంట ఏర్పాట్లు చూడటం. వాళ్లు వెళ్లాక అప్పు మిగిలిన ఇంట్లో ఆ పాస్టరమ్మ నాతో ఏడ్చింది. మాకు చాలా ప్రేమ చూపించారని ఆ టీమ్ ఇక్కడ సాక్ష్యం చెప్పుకుని ఉంటుంది.

నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు, అందుకని తేలిక అనుకోవద్దు. 2018 నుంచి అమల్లో ఉన్న అక్కడి శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పిస్తే ఐదేళ్ల దాకా జైలు, విదేశీయుడైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపేస్తారు. మనం సరిహద్దు దాటి వచ్చేస్తాం, కేసు మాత్రం స్థానిక విశ్వాసుల మీదే ఉంటుంది. బాప్తిస్మం ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దని ఆ జంటకూ, మీ సంఘానికీ గట్టిగా చెప్పండి. అక్కడి సంఘం కింద పని చేయడానికి వాళ్లు ఒప్పుకుంటేనే పంపండి. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మన అజరయ్య గారు, తర్వాత దోర్నకల్ బిషప్ అయ్యారు కదా, తెల్ల మిషనరీల ముందు నిలబడి మాకు స్నేహితులు కావాలని అడిగారు. ఇప్పుడు పంపేవాళ్లం మనమే, నేపాలీలు మనల్ని అదే అడుగుతున్నారు.

సంఘం ట్రస్టుగా రిజిస్టర్ అయ్యుంటే ఇంకో జాగ్రత్త: ముందస్తు అనుమతి లేకుండా దేశం బయట ఖర్చు పెడితే ఆ మొత్తానికి పన్ను మినహాయింపు పోతుంది. పంపేముందే ఆడిటర్‌ను కలవండి.

కంచరపాలెం యూత్:
అందరికీ చాలా థ్యాంక్స్, ఇవన్నీ ప్రింట్ తీసి కమిటీకి ఇస్తున్నా. ఆ జంటను రమ్మన్న సంఘం ఉందా అని అడిగాను, ఒక పాస్టర్ గారు ఫోన్‌లో మాట్లాడారట, ఉత్తరం ఏదీ లేదు. అది వచ్చేదాకా ఆగుదామని పెద్దలు ఒప్పుకున్నారు, యూత్‌తో ఆదివారం మాట్లాడాలి. ఆ జంటకు ఇద్దరు పిల్లలు, పెద్దవాడు ఆరో తరగతి తెలుగు మీడియం. ఇలా వెళ్లిన కుటుంబాలు పిల్లల చదువు ఎలా చూసుకున్నాయో తెలిసినవాళ్లు రాయగలరా?