సమస్యాపూరణం: "కలుపు మొక్కయె మా యింటి కల్పతరువు"

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఒక తేటగీతి పాదం. దీన్ని చివరి పాదంగా ఉంచి, పైన మూడు పాదాలు మీరు పూరించాలి:

కలుపు మొక్కయె మా యింటి కల్పతరువు

భాద్రపదం నడుస్తోంది. పెరడు, చేనిగట్టు, చివరికి ప్రహరీ గోడ పగులు కూడా పూత మీదున్నాయి. అందుకే ఒక నియమం పెడుతున్నాను. పద్యంలో వచ్చే మొక్క మీ ఇంటి చుట్టుపక్కల తనంతట తాను మొలిచింది కావాలి, మీరు కళ్లారా చూసింది కావాలి. నర్సరీలో కొన్న మొక్క వద్దు. పద్యం కింద ఆ మొక్క గురించి నాలుగు మాటలు రాయండి.

కొత్తవారి కోసం: గణమంటే గురువు (పొడుగు పలుకు), లఘువు (పొట్టి పలుకు)ల కూర్పు. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు ఉంటాయి. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, కుదరాలి. ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకటే కావడం) నియమం లేదు. పీకేసేదాన్ని, కోరినవన్నీ ఇచ్చేదాన్ని ఒకే చెట్టుగా ఎలా పొందిస్తారన్నదే ఇక్కడి చిక్కు.

చేనిగట్టు:
నా పూరణ గునుగు మీద.

చేని గట్టున గునుగులు చేరి పూయఁ
గోసి తంగేటి పూలతోఁ గూర్చి పేర్చి
ఆడబిడ్డల యాటల కందమైన
కలుపు మొక్కయె మా యింటి కల్పతరువు

జొన్న, కంది, పత్తి ఏది వేసినా వానాకాలం మధ్యలో గునుగు లేస్తుంది. కలుపు తీసేటప్పుడు మొదట పోయేది అదే. బతుకమ్మ దగ్గర పడగానే మొదట వెతికేదీ అదే. తెల్లటి కంకి, కొసన కొంచెం గులాబీ రంగు. కోసి నాలుగు రోజులైనా వాడినట్టు కనిపించదు, రంగుల్లో ముంచితే చక్కగా పట్టుకుంటుంది. మా వైపు కలుపు మందు వాడకం పెరిగాక చేలో తగ్గి గట్టు మీదే మిగిలింది. అందుకే మొదటి పాదంలో "చేను" అనకుండా "చేని గట్టు" అన్నాను.

నిర్వాహకుడు:
చేనిగట్టు గారూ, ధార బాగుంది. ఒక్క సవరణ. పద్యం మధ్యలో పాదం అచ్చుతో మొదలుకాకూడదు. "పేర్చి" తర్వాత యడాగమం (అచ్చు ముందు "య" చేరడం) వచ్చి "యాడబిడ్డల" అవుతుంది. యతికి ఇబ్బంది లేదు, లోపలున్న అచ్చుతోనే చెల్లుతుంది. గట్టు గురించి మీరు రాసిన మాట నాకు పద్యమంత విలువైనదిగా అనిపించింది. మందు కొట్టే ముందు గట్లనైనా వదిలేయమని అడిగేవాళ్లు ఊరికొకరు ఉండాలి.

చేనిగట్టు:
"యాడబిడ్డల" అని మార్చుకున్నాను, ధన్యవాదాలు. ఈ ఏడాది ఎండిన కంకులు దులిపి గింజలు దాస్తాను. నల్లగా, నిగనిగలాడుతూ ఆవగింజ కంటే చిన్నగా ఉంటాయి. ఎవరికైనా కావాలంటే చెప్పండి.

వాకిలి:
తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, దాన్ని ఎవరో ఒకరు రాయాలి కదా అని నేనే రాశాను.

తడుల నడుగదు తంగెడు తానె పూచుఁ
దేనెటీగల కందించుఁ దేనె విందు
తోలు పదునుకు బెరడునుఁ దోడు చేయు
కలుపు మొక్కయె మా యింటి కల్పతరువు

చేనిగట్టు:
వాకిలి అక్కా, తంగేడును కలుపు అనొచ్చా? అది పొద కదా.

వాకిలి:
దున్నేవాడికి అడ్డొస్తే పొదైనా కలుపే తమ్ముడూ. మా నాన్న ప్రతి ఏడాదీ గొడ్డలితో నరికేవాడు, అది ప్రతి ఏడాదీ మొదలు నుంచి చిగిర్చేది.

ఎర్రనేల:
మొదటి పాదంలో "తడుల నడుగదు" చాలా నచ్చింది, సేద్యం తెలిసినవాళ్ల మాట. మూడో పాదం కూడా నిజం. తంగేడు బెరడుతో తోళ్లు పదును చేయడం పాత పని. రెండో పాదం మాత్రం ఒప్పుకోలేను. తంగేడు పువ్వులో తేనె ఉండదు, వచ్చిన ఈగకు దొరికేది పుప్పొడి మాత్రమే. అది కూడా ఊరికే రాలదు. కేసరాల కొనల్లో చిన్న రంధ్రాలుంటాయి. పెద్ద నల్లతుమ్మెద పువ్వును కాళ్లతో పట్టుకుని ఒళ్లంతా అదిరిస్తుంది, ఆ అదురుకు పుప్పొడి బయటికి చిమ్ముతుంది. ఉదయం పొద పక్కన నిలబడితే ఆ ఝుంకారం ఆగి ఆగి వినిపిస్తుంది. ఎగిరేటప్పటి చప్పుడు వేరు, పువ్వు మీద వాలాక వచ్చే చప్పుడు వేరు. తేనె కావాలంటే తుమ్మి దగ్గరికి వెళ్లాలి.

వాకిలి:
రేపు పొద్దున్నే వెళ్లి వింటాను. రెండో పాదం ఇలా మార్చితే?

దుమ్మెదలు వచ్చి పుప్పొడి దూసికొనఁగ

నిర్వాహకుడు:
ఎంత బాగుందో! "దుమ్మె", "దూసి" యతి కుదిరింది. పైపాదంలోని "తానె పూచు"కు అన్వయమూ కుదిరింది. పైగా "దూసికొనఁగ" అనడంలో ఆ పని కళ్లకు కనిపిస్తోంది. పూవు అనగానే తేనె రాసేయడం మనందరికీ అలవాటు. మొక్కను దగ్గరగా చూస్తే పద్యం ఎలా బలపడుతుందో ఈ సవరణ చూసి తెలుసుకోవచ్చు.

ఎర్రనేల:
నాదీ ఒకటి. కొంచెం కోపంగా రాశాను.

మనది కాదు, వయ్యారిభామనుఁ బెఱుకుడు!
కడలి దాటుచు గోధుమ గాదెఁ జేరి
చేను చెడగొట్టి తుమ్ములఁ జిమ్ము నదియె
కలుపు, మొక్కయె మా యింటి కల్పతరువు

వయ్యారిభామ తెల్లగా, చిన్నగా, అందంగా పూస్తుంది. ఏటా ఎవరో ఒకరు దాన్ని అడవిపూవనుకుని ఫొటో పెడతారు. అది అమెరికా ఖండం నుంచి వచ్చింది. మన దేశంలో 1950ల్లో పుణే దగ్గర గుర్తించారు, దిగుమతి గోధుమలతో వచ్చిందని చెబుతారు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. తాకితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, పుప్పొడికి తుమ్ములు, ఆయాసం. పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో సహా పీకాలి. తనంతట మొలిచిందల్లా మనదే అనుకుంటే తుమ్మికి, ఉత్తరేణికి చోటు మిగలదు.

చేనిగట్టు:
"కలుపు" దగ్గర ఆపి "మొక్కయె" అని ఎత్తుకోవడం చూసి చప్పట్లు కొట్టాను అన్నా.

నిర్వాహకుడు:
విరుపుతో సమస్యను తిప్పేశారు. గణాల పొందిక కూడా చూడండి: "కాదు వ", "య్యారిభా", రెండూ రగణాలే (గురువు, లఘువు, గురువు). "వయ్యారిభామ" లాంటి మాటను తేటగీతిలో ఇమడ్చడం తేలిక కాదు. నాకు కనిపించిన లోటు ఒకటుంది. పీకాల్సిన దానికి మూడు పాదాలు ఇచ్చి, ఉంచుకోవాల్సిన దాన్ని ఉత్త "మొక్క" అని వదిలేశారు. దాని పేరు ఎక్కడో ఒకచోట పడి ఉంటే ఈ కోపానికి కారణం పద్యంలోనే దొరికేది.

ఎర్రనేల:
నిజమే, కానీ విరుపు ఉంచుకుని పేరు పెట్టే చోటు నాకు దొరకలేదు. ఇంకా ప్రయత్నిస్తాను.

కొత్త కలం:
నమస్కారం అండీ. నేను రాసిన మొదటి పద్యం ఇదే, టెన్షన్‌గా ఉంది. మా డాబా మెట్ల పక్కన విష్ణుక్రాంత నేలబారుగా అల్లుకుంది. పూవు చిటికెన వేలి గోరంత, నీలం.

నీలి విష్ణుక్రాంత విరియు నేల నిండ
మిట్టమధ్యాహ్నమైనంత ముడుచుకొనును
పిలుపు లేకనె వచ్చిన పేరటాలు
కలుపు మొక్కయె మా యింటి కల్పతరువు

నిర్వాహకుడు:
టెన్షన్ వద్దమ్మా, మూడో పాదం రాయగలిగినవాళ్లకు మిగతావి వస్తాయి. మొదటి పాదంలో గణభంగం ఉంది. "క్రా" ముందున్న "ష్ణు" గురువు అవుతుంది కాబట్టి "విష్ణుక్రాం" మూడు గురువులై మగణం వచ్చింది. అది ఇంద్రగణం కాదు. రెండో పాదంలో యతి తప్పింది, "మి"కి "ము" చెల్లదు. మీ ఇంట్లో ఆ మొక్కను ఏమని పిలుస్తారు?

కొత్త కలం:
అమ్మమ్మ "విష్ణుకాంత" అంటుంది.

నిర్వాహకుడు:
అదే వాడండి. అమ్మమ్మ మాట గణానికి సరిపోతుంది.

వాకిలి:
రెండో పాదం చివర "మెల్ల ముడుగు" అంటే యతి కూడా కుదురుతుంది చెల్లీ.

కొత్త కలం:
ఇప్పుడు చూడండి.

విష్ణుకాంతలు విరియును వేకువందు
మిట్టమధ్యాహ్నమైనంత మెల్ల ముడుగుఁ
బిలుపు లేకనె వచ్చిన పేరటాలు
కలుపు మొక్కయె మా యింటి కల్పతరువు

నిర్వాహకుడు:
నిర్దోషం. "ముడుగుఁ బిలుపు" అని సరళాదేశం ("పి" "బి"గా మారడం) కూడా మీరే చేసుకున్నారు. వినాయక చవితి పత్రిలో ఈ మొక్క పేరు చదువుతూ, బజారు నుంచి కట్ట కొనుక్కొచ్చే ఇళ్లే ఎక్కువ. మీ ఇంట్లో అది మెట్ల పక్కనే ఉంది. చీపురుతో గీకేయకుండా ఉంచండి.

మా పెరడు:
ఎర్రనేల గారు తేనె కోసం తుమ్మి దగ్గరికి వెళ్లమన్నారు కదా, వెళ్లొచ్చాను.

తుమ్మి పూవులు విరియగఁ దుమ్మెదలకు
విందు దొరికెను, చవితికి వేడి కూర
నమ్మ వండెను దానితో, నడుగకిడెడు
కలుపు మొక్కయె మా యింటి కల్పతరువు

తెలంగాణలో చాలా ఇళ్లల్లో వినాయక చవితికి తుమ్మి కూర వండుతారు. లేత ఆకులే తెంపాలి, మొక్క పీకక్కర్లేదు. మిగిలిన కొమ్మలకు గుండ్రటి గుత్తుల్లో తెల్లపూలు వస్తాయి, శివపూజకు అవి ఇష్టమైన పూలు. మా పెరట్లో బోరు పక్కన ఒక జానెడు జాగా దీనికే వదిలేశాం.

ఎర్రనేల:
ఈ చర్చలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. తుమ్మెదకు, మనిషికి ఒకే మొక్క వడ్డించింది.

నిర్వాహకుడు:
నాకూ అంతే. కల్పవృక్షం అడిగితే ఇస్తుందని అందరం రాస్తాం. మీరు "అడుగకిడెడు" అనడంతో సమస్యలోని విరోధం పోవడమే కాక కలుపు మొక్క ఒక మెట్టు పైకి వెళ్లింది. ఒక సందేహం: "వేడి కూర"లో "వేడి" యతి కోసం తెచ్చినట్టుంది. తీసేసినా అర్థం మారదు కదా?

మా పెరడు:
మారుతుందండీ. తుమ్మి కూర చల్లారితే చేదు పైకొస్తుంది. పొయ్యి మీద నుంచి దించగానే జొన్నరొట్టెలో పెట్టి ఇచ్చేది మా అమ్మ, ఆగనిచ్చేది కాదు.

నిర్వాహకుడు:
అయితే ఆ మాట ఉండాల్సిందే. ఈ వివరణ కూడా పద్యం కిందే చేర్చండి, సంకలనంలో రెండూ కలిపి వేద్దాం.